ఒక్కసారి ఊదండి

పాలు పొంగడం, నిమ్‌పురా రైల్వే యార్డు వైపు నుంచి ఇంజను కూత వినబడడం ఒకేసారి జరిగాయి. ఏంజలిన్ చప్పట్లు కొట్టబోయి, చూసేవాళ్లెవరూ లేరని గుర్తొచ్చి స్టవ్ ఆపింది. విశాఖ నుంచి బెంగాల్‌లో, ఝపటాపూర్‌లోని ఈ ఇంటికి కోడలిగా వచ్చి నెల. ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. కొంగున కట్టుకున్న బీరువా తాళం, గులాబీల కప్పులు, కూరగాయలమ్మే బెంగాలీ ఆవిడ "బౌమా" అని, తన కోడల్నే పిలిచినట్టు పిలిచి ఒక మిరపకాయ ఎక్కువ వెయ్యడం. చెప్పుకోవడానికే పక్కన మనిషి లేడు. భర్త టోనికి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర. అత్తయ్య స్వర్ణకుమారి పెదవి విప్పేదే తక్కువ, చీకటి పడగానే తిని పడుకుంటుంది.

మావయ్య విల్‌ఫ్రెడ్ రిటైరైన గూడ్సు గార్డు. వసారాలో యార్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. టీ అందుకోగానే కప్పు గలగలలాడి సగం లుంగీ మీద ఒలికింది.

"పొద్దున్నే తాగుడు మొదలెట్టీసినారేటి?" చీపురు ఆపకుండానే అంది స్వర్ణకుమారి.

"నేదు కుమారీ. మానీసినాను."

"ఆఁ, మానీసినారు! ప్రతీ క్రిస్మస్‌కీ మానీస్తారు కదా!" ఆవిడ నవ్వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన తల దించుకున్నాడు. ఏంజలిన్ టీ తుడిచింది. ఆదివారం తను గారంగా అడిగిన మాట గుర్తొచ్చింది. "రాత్రి ఒక్కదాన్నే తింటుంటే ముద్ద దిగట్లేదు మావయ్యా, మీరూ కూర్చోరా?" ఆ వేళకి వెనకగదిలో తలుపేసుకునే మనిషి, ఆ రాత్రి నుంచీ వచ్చి తన ఎదుట కూర్చుంటున్నాడు. ఎంత సంబరపడిందో! చెయ్యి వణకడం వయసు వల్ల అనుకుంది.

"డ్యూటీ ఎక్కేముందు తాగలేదని తేలడానికి నాన్న ఆఫీసులో మిషన్‌లోకి ఊదాలి. ఇంటికొస్తే గుమ్మంలో అమ్మే మిషను. 'ఊదండి' అని తన ముఖం దగ్గర పెట్టేది" అని టోని పెళ్లికి ముందు చెబితే, భలే సరసం అనుకుంది ఏంజలిన్. డ్యూటీలో ఆయన ఏనాడూ పట్టుబడలేదు. రిటైరయ్యాక ఇక డ్యూటీయే లేదు, తాగడానికి వేళ కూడా లేకుండా పోయింది. అత్తయ్య ఊదమనడం మానేసింది.

మధ్యాహ్నం వసారాలో కేక వినబడింది.

మావయ్య గోడకేసి తిరిగి, పచ్చజెండా ఊపుతున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. "సీమలమ్మాయ్! దుప్పటి నిండా సీమలే! బండి ఆపమను!"

దుప్పటి మీద ఒక్క చీమ కూడా లేదు.

టోని నిద్రకళ్లతో లేచొచ్చాడు. "సీసా ఎక్కడ దాచినావు నాన్నా?" మంచం కింద, బియ్యం డబ్బాలో, దిండు వెనక వెతికాడు.

"కొత్త పిల్ల ముందైనా సిగ్గు నేదేటండీ మీకు?" అంది స్వర్ణకుమారి. "ఇన్నేళ్లూ ఒక్కర్తినీ మోసినాను. ఇంక నా వల్ల కాదు."

"తాగనేదు కుమారీ... ప్రభువు తోడు."

ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. ఇంట్లో ఇంతమంది ఉండగా ఆయన ఒక్కడూ గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. ఏంజలిన్ ముందుకెళ్లి ఆయన నోటి దగ్గర తన ముఖం పెట్టింది.

"మావయ్యా, ఒక్కసారి ఊదండి."

ఆయన పసివాడిలా బుగ్గలు పూరించి ఊదాడు. పొద్దుటి టీ వాసన, ఎండిన నోటి వాసన. అంతే.

"అత్తయ్యా, తాగలేదు!"

"నీకేటి తెలుసమ్మా ఆ వాసన?"

"తాగకుండానే ఇలా ఉన్నారంటే ఇంకా భయం కదత్తయ్యా! టోనీ, టోటో బండి పిలువు. ఆసుపత్రికి పోదాం."

అక్కడ బెంగాలీ డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. "ఏళ్ల తరబడి తాగితే మెదడు మద్యానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపేస్తే తట్టుకోలేదు. వణుకు, చెమట, లేనివి కనబడడం అందుకే. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చేది. కాలేయం కూడా వాచింది, ఇక ముట్టకపోతే కోలుకోవచ్చు. మానడం మంచిదే. కానీ ఇన్నాళ్లు తాగినవాళ్లు ఇలా ఒంటరిగా మానకూడదు. మాకు చెప్పాలి, మందులు వాడాలి, పక్కన మనిషి ఉండాలి." ఆయన వైపు తిరిగి అడిగింది. "ఉన్నట్టుండి ఎందుకు మానేశారు దాదా?"

"కోడలమ్మాయి ఒక్కర్తీ తింటన్నాది" అన్నాడు విల్‌ఫ్రెడ్.

ఏంజలిన్ వరండాలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి ఏడ్చింది.

కొన్నాళ్లకి వణుకు తగ్గింది. చీమలు పోయాయి. స్వర్ణకుమారి రోజూ ఆసుపత్రికి వచ్చేది, స్టూలు మాత్రం మంచానికి దూరంగా వేసుకునేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అంది.

"నాతో ఒక్క మాట సెప్పొచ్చు కదండీ?"

"సెప్పినాను కుమారీ. నువ్వు నవ్వీసినావు."

ఆవిడ లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మంచం మీదికి వంగింది.

"ఏదీ, ఊదండి."

ఆయన ఊదాడు. మందుబిళ్లల వాసనే. అయినా ఆవిడ ముఖం వెనక్కి తీసుకోలేదు.

నలుగురికీ సరిపడా అన్నం తెచ్చిన ఏంజలిన్ క్యారియర్‌తో గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నం చల్లారితే చల్లారనీ అనుకుంది.