శత్రువులు వదిలిన కంబళ్లు

తెల్లవారి రెండు గడియలైంది. సన్నని ముసురు. రెండు మాసాలుగా పొన్నగిరి దుర్గాన్ని చుట్టుముట్టిన శత్రుసైన్యం చెప్పాపెట్టకుండా గుడారాలు వదిలి పారిపోగా, ఆ ఖాళీ శిబిరాన్ని పరికించి రావడానికి వెళ్లిన దళవాయి గొంకనాయకుడు నలభైమంది భటులతో, జయభేరి మోగించుకొంటూ కోటవాకిటికి తిరిగివచ్చాడు.

తలుపులు తెరుచుకోలేదు.

బురుజుమీద అతని తల్లి మైలసాని నిలిచి ఉంది. దూరాన దండయాత్రకు వెళుతూ ప్రభువు అప్పగించిన కోట తాళాలు ఆమె కొంగుననే ఉన్నాయి.

"నాయనా, మీ భుజాలమీద ఆ కంబళ్లెక్కడివి?"

"శత్రువులవమ్మా! వానకు వణుకుతామని కాబోలు, పాపం, పరిచి మరీ పోయారు!"

భటులు ఫక్కున నవ్వారు.

"అక్కడ కొత్త చితులున్నాయా?"

గొంకనాయకుని నవ్వు ఆగింది. "ఉన్నాయి. చాలా."

పాతికేళ్ల కిందట, చనిపోయిన చుట్టం దుప్పటి ఒకటి ఆమె ఇంటికి స్ఫోటకాన్ని తెచ్చింది. ఇద్దరు బిడ్డలు పోయారు. ఆమె ముఖాన మచ్చలు మిగిలాయి. గొంకడు ఆ తరవాత పుట్టినవాడు.

"వాటిని తగలబెట్టండి. చేల అవతల గుడిసెలు వేసుకోండి. మండలం రోజులు ఎవరూ లోపలికి రారాదు. తిండి తాళ్లతో దించుతాము."

వాకిళ్లకు కట్టుకొమ్మని వేపమండలు కిందికి విసిరింది.

కోట పెత్తనంమీద ఎప్పటినుంచో కన్నున్న మంత్రి వెన్నన ఆమె పక్కనుంచి గొంతు సవరించుకొన్నాడు. "గెలిచివచ్చిన దళవాయిని వాకిట నిలబెట్టడం రాజద్రోహం కాదా, దేవీ? తాళాలు దయచేయండి. లేదా, ప్రభువులకు లేఖ పోతుంది."

"వ్రాసుకోండి మంత్రిగారూ. కోటలో ఎందరు పసివాళ్లున్నారో అదీ వ్రాయండి."

కింద గొంకనాయకుడు తల్లికి చేతులు జోడించి, తన కంబళినే మొదట మంటలో వేశాడు.

పన్నెండోనాడు జ్వరాలు మొదలయ్యాయి. ఒకసారి స్ఫోటకం పోసినవారికి మళ్లీ పోయదు. అటువంటివారు కోటలో మైలసాని కాక మంత్రసాని ఎర్రక్క ఒక్కతే. ఎర్రక్క వారి సేవకు వెళ్లింది. నాలుగోనాడు గోడకింద నిలిచి కేకవేసింది.

"దొరసానీ! నాయకుడికి ఒళ్లంతా పోసింది. నిన్నే పిలుస్తున్నాడు. నీకేం భయమే తల్లీ, దిగిరా!"

మైలసాని గబగబా మెట్లు దిగింది. చివరి మెట్టు దగ్గర వెన్నన అరచేయి చాచి నిలుచున్నాడు. అతని వెనుక, భటుల భార్యలు తలుపు తీయమని ఏడుస్తున్నారు.

"వెళ్లిరండి తల్లీ. తాళాలు నేను చూసుకొంటాను."

ఆమె ఆ చేతిని చూసింది. మళ్లీ మెట్లెక్కింది.

"ఎర్రక్కా," అంది గోడమీదినుంచి, "వాడి తల కాస్త నీ ఒళ్లో పెట్టుకో."

మండలం నిండిన ఉదయం తలుపులు తెరిచారు. కోటలో ఒక్క ఇంటికీ వేపమండ కట్టే పని పడలేదు. మైలసాని చేసినదే సరి అనీ, వెన్ననను తొలగించితిమనీ ప్రభువుల లేఖ వచ్చింది. కరణం దానిని బిగ్గరగా చదువుతున్నాడు, ఆమె వినడంలేదు. లోపలికి వచ్చే ఒక్కొక్కరి తలమీద చేయివేసి లెక్కపెడుతోంది.

ఇరవైయేడు. ఇరవైయెనిమిది.

తరవాత బాట చాలాసేపు ఖాళీగా ఉంది. చివరికి ఎర్రక్క ఒక్కతే, తల వంచుకొని వచ్చింది.

మైలసాని ఆమె తలమీదా చేయివేసింది.

"ఇరవైతొమ్మిది."