కడగని రొయ్య

అది 2003. మచిలీపట్నం రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్ట్ అప్పారావు సోమవారం పొద్దున నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. గుండెపోటని డాక్టర్ రాశాడు. హత్య అని ఢిల్లీ అనుమానించింది. అప్పారావు సీక్రెట్ ఏజెంట్ మరి.

ఆ మధ్యాహ్నమే పామర్రు సెంటర్లో, లారీ డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ల చీఫ్ అబ్దుల్ హమీద్ భార్గవిని కలిశాడు.

"ఆ ఫ్యాక్టరీ రొయ్యల లోడు శుక్రవారం నాలుగింటికి వైజాగ్ వెళ్తుందమ్మా. నేవీ విందులో ఏడు దేశాల వాళ్ళు తింటారు. ఒక విదేశీ ముఠా అందులో విషం కలుపుతోందని కబురు. అప్పారావు సీట్లో నువ్వు కూర్చోవాలి."

"నేను ఫుడ్ సైంటిస్టునండీ. పిస్టల్ పట్టుకోవడం కూడా రాదు."

"పిస్టళ్ళ వాళ్ళు నా దగ్గర బోలెడుమంది. రొయ్య తెలిసినవాళ్ళే లేరు." పెన్నులాంటి ట్రాన్స్‌మిటర్ చేతిలో పెట్టాడు. "భయమేస్తే నొక్కు. లారీ నడిపేది నేనే, కానీ నీ సంతకం పడితే బండి కదలాల్సిందే. బయ్యర్ తరఫున సరుకు చూసే ఇన్‌స్పెక్టర్ దివ్యశ్రీ మన మనిషే. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది."

దివ్యశ్రీ మల్లెల సెంటు ఘుమఘుమలతో ల్యాబ్‌లోకి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర. రుచి చూసే చోట సెంటు పూసుకోకూడదని ఆ మహాతల్లికి ఎవరు చెప్పాలి?

"హంసలదీవిలో ఆటు మొదలైందా?" అంది.

"ఇంకా పోటు మీదే ఉంది," అంది భార్గవి. కోడ్ కుదిరింది.

నాలుగు రోజులు పరీక్షలు చేసింది. అన్నీ క్లీన్. సంతకానికి ముందు సైంటిస్టూ ఇన్‌స్పెక్టరూ వేయించిన శాంపిల్‌ని ఒకే ప్లేటులోంచి తినాలని అక్కడి ఆనవాయితీ. దివ్యశ్రీ రోజూ లొట్టలేసుకుంటూ తినేది. భార్గవి ఒక్క ముక్క తిని ప్లేటు అటు జరిపేది. రాత్రిళ్ళు నిద్ర లేదు.

శుక్రవారం, నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. బయట లారీ ఇంజన్ మోగుతోంది. ఆఖరి శాంపిల్‌ని కుళాయి కింద పెట్టబోయి భార్గవి ఆగిపోయింది.

రొయ్య ఎండిపోకుండా దాని మీద ఐసు పొర పట్టిస్తారు. పరీక్షకు ముందు ఆ పొర కడిగేయాలి, అది ల్యాబ్ రూలు. అప్పారావుకి మాత్రం ఆ ఐసు పలుకు చప్పరించి, పొరలో ఉప్పెంతో నాలుకతోనే చెప్పే అలవాటని ల్యాబ్‌లో అందరూ చెప్పుకునేవారు. ఐసు తిన్నవాడు ఆయనొక్కడే. చచ్చిపోయిందీ ఆయనొక్కడే.

విషం రొయ్యలో లేదు. పొరలో ఉంది. రోజూ తన చేత్తోనే దాన్ని కడిగి పారబోసి, క్లీన్ అని రాసింది. విందు వంటవాడు వందల కిలోలు కడుగుతూ కూర్చుంటాడా, ఐసుతో సహా బాణలిలో పోస్తాడు. ఐసు టెస్ట్ చేయాలంటే రెండు గంటలు కావాలి.

కుళాయి కట్టేసింది. దివ్యశ్రీ చూస్తుండగానే రొయ్యల్ని ఐసుతోనే పెనం మీద వేసింది. రెండు నిమిషాలు. ప్లేటు మధ్యలో పెట్టింది.

"కానివ్వండి మేడమ్."

"మీరు మొదలుపెట్టండి," అంది దివ్యశ్రీ.

భార్గవి రొయ్య తీసుకుంది. నోటి దాకా తీసుకెళ్ళింది. పెదవికి అంగుళం దూరం. దివ్యశ్రీ కళ్ళార్పకుండా చూస్తోంది. ఆపలేదు. తను ముట్టుకోనూ లేదు.

"మీరు తినరా?"

"ఇవాళ ఉపవాసం."

"పొద్దున క్యాంటీన్లో పెసరట్టు తిన్నారుగా."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికి వచ్చింది. "తినండి. లేదా సంతకం పెట్టండి."

భార్గవి పెన్ను తీసింది. కాగితం మీద పెట్టి గట్టిగా నొక్కింది.

తలుపు తోసుకుని వచ్చిన డ్రైవర్ దివ్యశ్రీ మణికట్టు వెనక్కి విరిచాడు. తూటా సీలింగ్‌లో దిగింది. గోడ గడియారంలో నాలుగైంది.

భార్గవి కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. చీఫ్ మంచినీళ్ళిచ్చాడు. తర్వాత రిపోర్టు చదివి, "రుచి అన్నచోట ఖాళీగా వదిలేశావేంటమ్మా?" అన్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారు ఇంకా చెప్పలేదండీ," అంది భార్గవి ముక్కు తుడుచుకుంటూ.