రెండు పాత క్యాన్లు, ఒక సాలు బంతిపూలు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా వెతకండి, ఈ మౌలా సాహెబ్ ముక్కులాంటి ముక్కు, చెయ్యిలాంటి చెయ్యి మీకు దొరకవు. ఏ మందు డబ్బా అయినా మూత తీసి వాసన చూశానంటే అందులో ఏముందో, ఏ ఏటిదో, దాన్ని అమ్మినవాడు ఆ పొద్దు ఏం తిన్నాడో కూడా చెప్పేస్తాను. ఇక నేను రిపేరు చేసిన స్ప్రేయరు ఒక్క చుక్క కారిందని అన్నవాడు ఇంకా పుట్టలేదు.

అందుకే శ్రీవత్స రెండు క్యాన్లు పట్టుకుని నేరుగా నా అంగడికి వచ్చాడు.

అతనిది మా పక్క పల్లె, బంతితోట రైతు. అహోబిలం స్వామి తన పెళ్లికి ముందు పల్లకిలో ఊరూరా తిరిగి, రమ్మని తానే జనాన్ని పిలుచుకుంటాడు. పారువేట అంటాం. ఆ పల్లకి వాళ్ల ఊరికి వచ్చినప్పుడు తొలి మాల శ్రీవత్స వాళ్ల తోటదే. తాతల నాటి నుంచీ తప్పలేదు. ఈసారి ఆకులు పాలిపోయాయి, మొగ్గలు విచ్చనంటున్నాయి. పల్లకి రావడానికి ఇంకో రెండు వారాలుంది.

కొట్టంలో మూడేళ్ల కిందటి ద్రవ ఎరువులు రెండున్నాయి. ఒకటి జింకు, ఇనుము కలిసినది. ఇంకొకటి సముద్రపు నాచు రసం. ఏది ఏదో తెలిస్తే సగం బాధ తీరేది. కానీ అతని తల్లి గోవిందమ్మ, స్వామి వస్తున్నాడని ఇల్లంతా సున్నం కొట్టించి, గిన్నెలతో పాటు క్యాన్లనూ పీచుతో తోమేసింది. లేబుళ్లు పోయి రెండూ కవలల్లా మెరుస్తున్నాయి.

"సాబ్ తాతా, ఇవి ఇంకా పనికొస్తాయా? చెట్లు మాడినాయంటే మాల లేదింక."

రెండింటినీ గట్టిగా వాసన చూశాను. "ఫస్ట్ క్లాస్! కొట్టెయ్."

"ఏది ఏదో చెప్పు మల్ల."

"అదీ... నంద్యాలలో అడుగుదాం పా."

నంద్యాలలో ఆ మందులు కొన్న అంగడి ఉమామహేశ్వరమ్మది. ఆ రోజు గల్లా దగ్గర ఆమె కూతురు విష్ణుప్రియ కూర్చుని ఉంది. క్యాన్లు చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వాపస్ తీసుకోం అన్నా."

శ్రీవత్స ముఖం వాడిపోయింది. వాపస్ అన్నందుకు కాదు, అన్నా అన్నందుకు.

"వాపస్ ఎవురడిగినారు? వాడొచ్చా, పారబోయాల్నా, అది చెప్పు."

"డేట్ ఏముంది?"

"మాయమ్మ కడిగేసింది."

"డేటు కడిగేసిందా!"

"స్వామి వస్తాండాడని."

ఆ పిల్ల అతన్ని చూసింది, క్యాన్లను చూసింది, చివరికి నన్ను చూసింది. మా ముగ్గురిలో ఎవరికి బుర్ర సరిగా ఉందో ఆమెకు అంతు పట్టలేదు.

"కొత్తది ఇయ్యి మల్ల," అన్నాడు శ్రీవత్స.

"స్టాక్ లేదు. ఎప్పుడొస్తాదో తెలీదు."

ఒక క్యాను మూత తిప్పింది. బుస్సుమంది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎగిరి వెనక్కి దూకింది. "ఏందిది! చచ్చిన చేపలు నింపినారా?"

"సాబ్ తాత ఫస్ట్ క్లాసన్నాడే!"

నేను ఫ్యానుకేసి చూశాను. నిజం చెప్పాలంటే, కరోనా వచ్చి పోయినప్పటి నుంచి నాకు బిర్యానీ వాసనా బురద వాసనా ఒకటే. ముక్కు ఉంది, కళ్లద్దాలు నిలబెట్టుకోడానికి.

"ఇది నాచు రసం. కుళ్లింది, వాడొద్దు," అంది విష్ణుప్రియ. రెండో క్యాను ఎత్తి వెలుతురులో చూసింది. అడుగున ఉప్పులా పేరుకుని ఉంది. "దీని సంగతే తెలీడంలే. కంపు లేదు. చెడిపోయినట్టా, లేనట్టా?"

పక్క టీ అంగడి నుంచి వేడినీళ్లు తెప్పించి, చల్లనీళ్లు కలిపి, ఆ గోరువెచ్చని బకెట్లో క్యాను పెట్టింది. కాసేపు ఆగి బాగా ఊపింది. పేరుకున్నదంతా కరిగిపోయింది.

"కరిగింది కాబట్టి పని చేయొచ్చు. అయినా గ్యారంటీ ఇయ్యలేను. ఒక్క సాలుకే కొట్టి చూడు. ఆకు మాడకుంటే మిగతావాటికి కొట్టు. ఫోటో పంపన్నా."

మళ్లీ అన్నా. పాపం, శ్రీవత్స దారంతా బస్సు కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆ తర్వాత మొదలైంది నా తలనొప్పి. ఫోటోలు అతను నా అంగడిలో కూర్చునే పంపేవాడు.

"ఆకు బాగుందా, లేక నీ ఫోన్ అట్ల చూపిస్తాందా?" అని ఆమె.

"డౌటే," అని ఇతను.

"పొద్దున తీసి పంపు."

పొద్దున తీస్తే మంచు ఎక్కువ, మధ్యాహ్నం తీస్తే ఎండ ఎక్కువ. రోజూ డౌటే. పోనుపోను ఫోటోల్లో ఆకు చిన్నదవుతోంది, వెనక శ్రీవత్స పెద్దవాడవుతున్నాడు.

"ఆకు ఫోటోలో నీ మొగమెందుకు?"

"సైజు తెలియాలని."

మందు మంచిదా చెడ్డదా, ఇంత చదువుకున్న ఇద్దరికి ఇన్నాళ్లు ఎందుకు తేలలేదో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

రేపు పల్లకి ఊళ్లోకి వస్తుందనగా, ఆ ఒక్క సాలుకు కొట్టాక శ్రీవత్స నాకు రిపేరుకిచ్చిన స్ప్రేయరు తిరిగి ఇద్దామని నేను తోటకు పోయాను. అప్పుడే విష్ణుప్రియ తల్లిని వెంటబెట్టుకుని దిగింది.

"ఈ పిల్ల ఫోను దించడంలే. అదేం మందో నేనూ చూద్దామని వచ్చినా," అంది ఉమామహేశ్వరమ్మ.

తోటలో ఒకే ఒక్క సాలు, పసుపు ఆరబోసినట్టు విరగబూసి ఉంది. మిగతా సాళ్లన్నీ ముడుచుకున్న మొగ్గలే. విష్ణుప్రియ నిలబడిపోయింది.

"ఇది ఎప్పుడు విచ్చింది?"

"ఎప్పుడో విచ్చింది," అన్నాడు శ్రీవత్స స్ప్రేయరు వీపుకు తగిలించుకుంటూ.

"నిన్న కూడా డౌటంటివే! మిగతావాటికి ఎందుకు కొట్టలే? మాల తప్పిపోతే ఏం చేస్తావు?"

అతను నేల చూశాడు. "కొడితే డౌటు తీరిపోతాది. తీరిపోతే నంద్యాలకు ఏమని ఫోన్ చేయాల?"

అప్పుడు చూడండి, వాన! ఎక్కడి నుంచి వచ్చిందో సర్రున కురిసింది. చినుకులు ఆ పిల్ల రెప్పల మీద నిలిచాయి, జడలోంచి జారాయి. ఇద్దరూ కదలలేదు.

"మొదటి ఫోటోలోనే తెలిసింది నాకు, మందు బాగుందని," అంది.

"మల్ల పొద్దున పంపు, సాయంత్రం పంపు అంటివి?"

"డౌటు నీ ఒక్కడికే ఉండాల్నా?"

ఈసారి చివర అన్నా లేదు. అది నేను కూడా గమనించాను.

"మాటలు మల్ల!" అని అరిచింది ఉమామహేశ్వరమ్మ. "పెళ్లికి పిలిచేదానికి ఆ స్వామి వస్తాండాడు, పూలు కోయండి!"

గోవిందమ్మ గంప తెచ్చింది. అందరం కోశాం. ఆ ఒక్క సాలుకు సరిగ్గా ఒక్క మాల అయింది. మరునాడు పల్లకి ఆగింది, తొలి మాల పడింది, గోవిందమ్మ కళ్లు తుడుచుకుంది.

"స్వామి పెళ్లి అయిపోనీ వదినా," అంది ఉమామహేశ్వరమ్మ ఆమె పక్కన చేరి. "మన పిల్లోళ్ల సంగతి ఆమీద మాట్లాడుకుందాం."

ఆ వదినా అన్న మాటతో నాకు మొత్తం అర్థమైంది. అందరికంటే ఆఖరున.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, వాన. ఈ కాలంలో మా సీమలో వాన యాడిది? మందు కలిపే ముందు వట్టి నీళ్లతో చూద్దామని శ్రీవత్స స్ప్రేయరు పంపు కొట్టాడు. వాషరు ఊడి ఇద్దరి మీదా చిమ్మింది.

ఆ వాషరు వేసింది ఈ చెయ్యే.