మచ్చ పడిన నాణేలు

ఫిబ్రవరి పదకొండు. దర్జీ పెద్దాయనకు ఆ తేదీ బాగా గుర్తుండిపోయింది. ఆ ఉదయం ఆయనా, కూతురూ, కొడుకూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. ఆయన గుడ్డు మరీ గట్టిగా ఉడికింది. కూతురు చూసి, తన పళ్ళెంలోది ఆయనకిచ్చి ఆయనది తాను తీసుకుంది. భార్య పోయిన ఈ రెండు నెలల్లోనూ ఆ పిల్ల ఇలాంటివి ఎన్ని చేసిందో ఆయన లెక్క పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

"అమ్మ డబ్బా ఈరోజు తెరుద్దామా?" అన్నాడు కొడుకు.

బొత్తాలు దాచుకునే రేకు డబ్బా అది. అందులో ఆరు బంగారు నాణేలు. ఆయన కుట్టిన చొక్కాలకు నలభై ఏళ్ళు కాజాలు కుట్టింది ఆవిడే. "మొగుడివైనా సరే, కూలి కూలే" అని చెయ్యి చాపి మరీ తీసుకునేది. ఆ కూలితో, కుదిరిన ఏడాది ఒకటి చొప్పున కొన్న నాణేలవి. పిల్లలిద్దరికీ చెరి మూడు అని ఎప్పుడో చెప్పేసింది.

కూతురు బీరువా తాళం తీసి డబ్బా తెచ్చింది. కొడుకు మూత తీసి గుడ్డ విప్పాడు. నాణేలు పసుపుగా లేవు. ఎర్రటి చుక్కలూ, వాటి మీద పొగ పట్టినట్టు గోధుమరంగు మరకలూ ఉన్నాయి. ఒకదాని అంచు దాదాపు నల్లబడింది.

కొడుకు ఒకటి తీసుకుని చొక్కాకు రుద్దాడు. పోలేదు.

"బంగారం రంగు మారుతుందా నాన్నా?"

"ఎక్కడా వినలేదురా."

"మారదు. మారితే అది బంగారం కాదు." అక్క వైపు తిరిగి, "అక్కా, బీరువా తాళం ఎనిమిది నెలలుగా నీ దగ్గరే ఉంది కదా" అన్నాడు.

"ఉంది. అయితే?"

"అయితే ఏముంది. నేనేమీ అనడం లేదు."

"అనాల్సిందంతా అనేసి ఏమీ అనడం లేదంటావేంటిరా?"

ఆమె ఆసుపత్రిలో నర్సు. తల్లికి ఒళ్ళంతా పుళ్ళు పడితే క్వార్టర్సు వదిలి ఇంటికొచ్చి, డ్యూటీ దిగి ఇంకో డ్యూటీ ఎక్కినట్టు చాకిరీ చేసింది. తమ్ముడి మాటకు ఆమె అంతగా చలించలేదు. తండ్రి వైపు చూసింది. ఆయన ఏదో ఒకటి అంటే చాలు, ఆ మాట అక్కడితో తెగిపోయేది.

ఆయన మెల్లగా, ఎంతో దయగా మాట్లాడుతున్నాననే అనుకుంటూ అడిగాడు. "అవసరం పడి ఏమైనా మార్చావా తల్లీ? మార్చినా నేనేమీ అననులే."

ఆమె ఏడవలేదు. పళ్ళేలు తీసింది, బల్ల తుడిచింది, లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పెట్టె జిప్పు లాగిన చప్పుడు ముందు గదిలో కుట్టు మిషను దాకా వినిపించింది.

"సాయంత్రం వెళ్ళిపోతాను. ఇక ఇటు రాను నాన్నా" అంది, గడప దగ్గర నిలబడి. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

నాణేలు గుడ్డలో కట్టుకుని ఆయన కంసాలి కొట్టుకు నడిచాడు.

కంసాలి ఒకదాన్ని గీటురాయి మీద గీసి, గీత మీద యాసిడ్ చుక్క వేశాడు. గీత చెక్కుచెదరలేదు.

"మేలిమికి దగ్గరే మాస్టారూ. ఎవరన్నారు నకిలీ అని?"

"మరి ఈ మచ్చలు?"

"బంగారానికి ఏమీ కాదండీ. మెత్తగా ఉంటుందని గట్టిదనానికి రాగి కలుపుతారు చూడండి, రంగు మారేది అదే. చెమట తగిలినా, తేమ తగిలినా ఎర్రబడుతుంది. గంధకం తగిలిందంటే ఇక చెప్పక్కర్లేదు, ఇలా నల్లబడిపోతుంది. ఉండండి, మీకు నమ్మకం కుదరాలిగా." మాట్లాడుతూనే నాణేన్ని ఏదో ద్రావకంలో ముంచి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, కడిగి చేతిలో పెట్టాడు. అది కొత్త పెళ్ళికూతురిలా మెరిసింది. "ఇంట్లో గంధకం మందు ఎవరైనా వాడారా?"

ఆయనకు ఆ వాసన ముక్కుకు తగిలినట్టయింది. అగ్గిపుల్ల గీసినట్టుండే పసుపుపచ్చ ఆయింట్‌మెంటు. కూతురు రోజూ తల్లి చేతులకు, వేళ్ళ సందులకు రాసేది.

"మిగతావీ శుభ్రం చెయ్యమంటారా?" అని కంసాలి రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి. ఆ భూతద్దం ఒకసారి ఇలా ఇవ్వండి."

అద్దం కింద ఆ మరక మరకలా లేదు. సన్నటి గీతలు, గుండ్రంగా తిరిగి, మధ్యలో వాలుగా తెగి ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో మిషను సూది ఆవిడ బొటనవేలిలోంచి దిగిపోయింది. ఆ గాటు మచ్చ చివరిదాకా పోలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాలు కాదని కంసాలికి అర్థమై, పని ఉన్నట్టు అటు తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి పెట్టె వాకిట్లో ఉంది. ఆయన దాన్ని పక్కకు జరిపి, ఐదు నాణేలూ కూతురి ఒళ్ళో పోశాడు.

"ఇవి మీ అమ్మ వేలిముద్రలే తల్లీ. నువ్వు రాసిన మందు వల్లే పడ్డాయి."

ఆమె ఒక నాణేన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"మందు రాశాక అడిగేది నాన్నా, డబ్బా ఇమ్మని. ఇది కోటు కాజాలది, ఇది బడిపిల్లల చొక్కాలది అని చెప్పేది. నీకు చెప్పొద్దంది. ముసలిదానికి ఆశ చావలేదంటావట." నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. "వాడు అడిగితే దులుపుకునేదాన్ని. నువ్వు అడిగావు."

"అడిగాను. బతికినన్నాళ్ళూ ఆ మాట నన్ను వదలదు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కొడుకు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఆరోది ఏది?" అన్నాడు.

తండ్రి జేబులోంచి మెరిసే నాణెం తీశాడు. "తెలియక కడిగించేశానురా. దీని మీద ఆవిడ లేదు."

కొడుకు దాన్ని తీసుకుని గుప్పిట మూశాడు. "నాకు ఇదొక్కటి చాలు. మిగతావి అక్కకివ్వు. నాకు తగింది ఇదే." అక్క ముందు కూర్చుని తల ఎత్తలేదు. ఆమె కాసేపటికి వాడి తల మీద చెయ్యి వేసింది, మునుపటంత చనువుగా కాదు.

"పొద్దున డ్యూటీ ఉంది. ఈ రాత్రికి ఉంటాను" అంది తండ్రితో. ఆ తర్వాతి సంగతి చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఒక్క రాత్రి ఇచ్చింది, అదే ఎక్కువనిపించింది.

తొమ్మిదింటికి చూస్తే, ఆమె దీపం ఆర్పకుండానే నిద్రపోయింది. ఆయన దుప్పటి కాళ్ళ మీదకు లాగి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.