కిటికీ పక్క చెయ్యి

నెల్ గారిటీ అనే అమ్మాయి శవం గురువారం ఉదయం చెల్సీ వంతెన కింద తేలింది. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు. ముక్కూ నోరూ మూసి చంపాక, నదిలో పడేశారు.

సాయంత్రానికి జెమ్ స్టోక్స్‌ను అరెస్ట్ చేశారు. ఆమెను పెళ్లాడబోయే పడవవాడు. ఆ వారంలోనే ఇద్దరూ వీధిలో పోట్లాడుకున్నారట. పోట్లాట ఉంది, పడవ ఉంది. లండన్‌లో పేదవాణ్ణి ఉరితీయడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం ఎవరూ అడగరు.

ఇన్‌స్పెక్టర్ పిమ్‌కు మనసొప్పలేదు. నెల్ మూడు నెలలుగా చిత్రకారుడు థోర్లీ దగ్గర మోడల్‌గా కూర్చునేది. పిమ్ అతని స్టూడియోకు వెళ్లాడు.

"నెల్ ఇక్కణ్ణుంచి ఎప్పుడు వెళ్లిందండీ?"

"మంగళవారం, చీకటి పడకముందే. నవ్వుకుంటూ వెళ్లింది."

"బొమ్మ?"

"అదిగో. అర్థం కాకపోయినా చూసుకోండి."

సోఫా మీద నిద్రపోతున్న నెల్. ఒక చెయ్యి అంచు దాటి కిందికి వేలాడుతోంది. భుజం పాలిపోయి ఉంది. మోచెయ్యి దిగాక చర్మమంతా ముదురు ఊదా.

"ఇదేం రంగండీ?"

"నీడ."

"కిటికీ ఈ పక్కే ఉంది కదా. వెలుగంతా ఆ చేతిమీదే పడుతుంటే నీడెక్కడిది?"

థోర్లీ బొమ్మకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మార్చురీలో ఇలాంటి చేతులు చాలా చూశాను. గుండె ఆగాక నెత్తురు కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. సరే, ఊహించి వేశాననండి. ఇప్పుడే వెళ్లిపోతాను."

థోర్లీ మొహం ఎర్రబడింది. కంటితో చూడనిదాన్ని, ఒక్క గడ్డిపోచనైనా, గియ్యకపోవడమే అతని పంతం.

"ఊహించి వెయ్యడమా? నేనా? గాలిబొమ్మలు వేసేవాళ్లు వేరే ఉన్నారు. అందులో ప్రతి రంగూ నేను చూసి కలిపిందే."

"అయితే చూశారన్నమాట."

థోర్లీకి తానేమన్నాడో అప్పుడు తెలిసింది. కుర్చీలో కూలబడ్డాడు.

"కుదురుగా ఉండేది కాదు ఆ పిల్ల," అన్నాడు. "ఎంత చెప్పినా ఊపిరి తీస్తూనే ఉండేది. తీసినప్పుడల్లా గుడ్డ మడతలు మారిపోయేవి."

 పిమ్ బేడీలు తనే వేశాడు.

మర్నాడు జెమ్‌ను వదిలేశారు. అతను పిమ్ చేతులు పట్టుకుని ఏడ్చాడు. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"అయ్యా, మాబోటివాళ్లం ఫోటోలు తీయించుకోం. బొమ్మ కోసం కూర్చుంటున్నానని నెల్ చెప్పేది. అదెక్కడైనా ఉందా? ఒక్కసారి చూసి పోతాను."

సాక్ష్యంగా తెచ్చిన బొమ్మ పక్కగదిలోనే ఉంది.

"లేదయ్యా," అన్నాడు పిమ్. "అది పూర్తి కాలేదు."