ఎదురుగాలి శ్రుతి

వేగబాట మీద మధ్యాహ్నపు రద్దీ మొదలైంది. గుత్తి కొండల మధ్య నుంచి ఉదజని కార్లు బాణాల్లా దూసుకొస్తున్నాయి. ప్రతి కారు ముక్కు మీదా ముందుకు తెరుచుకున్న ఒక గాలినోరు. ఆ నోళ్ళన్నీ కలిసి తెరిపి లేకుండా ఒకే స్వరం పలుకుతున్నాయి.

వాటిని రూపొందించిన ఇంజనీరు మందాకిని, బాట పక్క ఊళ్ళో ఓబులమ్మ ఇంటి వసారాలో కూర్చుని ఉంది.

"ఆ నోరు ముందరికే ఎందుకు పెట్టినారమ్మా? పక్కకు పెడితే ఇంత రొద ఉండదు గదా?" అని అడిగింది ఓబులమ్మ.

"మామూలు రోడ్డు మీదైతే ఎటు పెట్టినా ఒకటేనండీ. చల్లగాలి అందితే చాలు, ఎదురుగాలి వల్ల ఇంజనుకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇక్కడ కార్లు విమానాల వేగంతో పోతాయి. గాలి తనంతట తనే ఒత్తుకుని లోపలికి దూరుతుంది. ఇంజను బలం ఆరో వంతు పెరుగుతుంది."

బాట వేసిన కొత్తలో ఈ రొద భరించలేమని ఊరందరినీ కూడగట్టి కొట్లాడింది ఓబులమ్మే. ఇన్నేళ్ళకు మందాకిని విరుగుడు కనిపెట్టింది: గాలినోటి అంచున కదిలే మౌనరెక్కలు. బలం తగ్గదు, స్వరం మాత్రం ఆగిపోతుంది. బాట మీది కార్లన్నిటికీ వాటిని అమర్చారు. ఈరోజే తొలి పరీక్ష.

"మొదలుపెట్టండి," అంది మందాకిని, మణికట్టు మీది మాటపలకలో.

స్వరం తెగిపోయింది. కార్లు మాత్రం పోతూనే ఉన్నాయి, వట్టి నీడల్లా.

మంచం మీద నిద్రపోతున్న ఓబులమ్మ మనవరాలు లిఖిత దిగ్గున లేచింది. నాలుగేళ్ళ పిల్ల, ఆ స్వరంలోనే పుట్టి పెరిగింది. చెవులు మూసుకుని, తెరిచి, మళ్ళీ మూసుకుని కెవ్వుమంది.

"అవ్వా, నా చెవులు పోయినాయి!"

ఇంటింటి నుంచీ పసిపిల్లల ఏడుపులు. ఓబులమ్మ పిల్లను ఒడిలోకి లాక్కుని, గుండెకు అదుముకుని, పెదవులు విప్పకుండానే కూనిరాగం అందుకుంది. రాగం కూడా కాదు, ఒకే ఒక్క స్వరం. పక్కింట్లో ఒక తల్లి అదే అందుకుంది. ఎదురింట్లో ఇంకొకామె. చూస్తుండగానే వీధంతా ఆ స్వరంతో నిండిపోయింది, పిల్లల ఏడుపులు సద్దుమణిగాయి.

మందాకిని తన శ్రుతిమాపకం చూసుకుంది. కార్లు పలికినప్పుడు ముల్లు ఎక్కడుందో, వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే నిలబడి ఉంది.

"ఇది మీకెవరు నేర్పారండీ?"

"నేర్చేదేముందమ్మా? ఇన్నేండ్లు వింటిమి గదా," అంది ఓబులమ్మ, తన గొంతును తానే తడిమి చూసుకుంటూ. "మాకు తెలీకుండానే ఈడ దిగిపోయినట్లుండాది."

మాటపలకలో సహాయకుడి గొంతు వినిపించింది. "మేడమ్, పరీక్ష సక్సెస్. శాశ్వతం చేసేద్దామా?"

మందాకిని ఓబులమ్మ వైపు చూసింది.

"ఒక్కసారిగా తియ్యొద్దు తల్లీ. పాలు మాన్పించినట్ల, మెల్లగ మాన్పించండి."

అలాగే చేశారు. ఏడాది పొడుగునా ఆ స్వరాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. అది పూర్తిగా ఆగిన రోజున మందాకిని మళ్ళీ వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. లిఖిత మాత్రం జొన్నచేని గట్టున నిలబడి, తల పక్కకు వాల్చి ఏదో వింటోంది.

"అవ్వా, ఏందిది? ఎవరో గుసగుసలాడినట్ల వినపడతాండాది."

ఓబులమ్మ చెవి ఒగ్గింది. కాసేపటికి గాని ఆమెకూ గుర్తు రాలేదు.

"గాలి, బంగారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "వట్టి గాలి."