తబితా మోసుకెళ్ళిన బియ్యం కుండ

సముద్రానికి ఆవల చెరకుదీవి అనే రాజ్యం ఉండేది. పేరుకు తియ్యటి రాజ్యమే గాని, దానికి వచ్చిన కష్టం మహా చేదు. గుటకాసురుడనే రాక్షసుడు అక్కడి పిల్లల గొంతులన్నీ మింగేశాడు. పిల్లలు నోరు తెరిస్తే గాలి తప్ప మాట వచ్చేది కాదు. ఆ దీవి జనం తాతలు చెరకు కొట్టడానికి మన తీరం నుంచే ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. అందుకని రాజు శరభకేతుడు మన తీరానికే కబురు పెట్టాడు: "మా పిల్లలకు మాట నేర్పే మనిషిని పంపండి."

కబురు కొత్తరేవు బాప్టిస్టు సంఘానికి చేరింది. సంఘమంతా మోకరించి ప్రార్థన చేసి లేచేసరికి అందరి చూపూ సువార్తమ్మ టీచరు మీదే ఉంది. ఎంత మొండిఘటం చేతనైనా అక్షరాలు దిద్దించగల మనిషి ఆమె. భర్త లేడు. తబితా అనే చిన్న కూతురుంది. దేవుడి పిలుపు కాదనలేక, కూతుర్ని వదల్లేక ఆమె చాలా నలిగి, చివరికి వెళ్తానంది.

కొత్తరేవులో ఒక అలవాటు ఉంది. వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. తల్లి వెళ్ళే రోజున తబితా రెండు చేతులతో బియ్యం తీసింది.

"పిడికెడు చాలు తల్లీ, దోసెడెందుకు?" అంది సువార్తమ్మ.

"పెద్దోళ్ళ పిడికెడూ చిన్నోళ్ళ దోసెడూ ఒకటేగా!"

సువార్తమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "ఈ కుండ నిండేసరికి వచ్చేస్తా" అని ఓడెక్కింది. తొందరలో అన్న మాట అది. ఆదివారం ఆదివారం ఆ కుండను చర్చిలో ఒంపేస్తారనీ, అది ఎప్పటికీ నిండదనీ టీచరమ్మకే తట్టలేదు.

తబితా పెద్దమ్మ నవోమమ్మ దగ్గర పెరిగింది. బడి నుంచి రాగానే కుండలో చెయ్యి పెట్టి చూసేది. శనివారానికి కాస్త పైకి వచ్చిన బియ్యం, ఆదివారం సాయంత్రానికి అడుగంటేది. పక్కింటి పిల్లలను వాళ్ళ అమ్మ తిడుతుంటే, ఆ తిట్లు వినడానికి గోడ పక్కన నిలబడేది. పిల్లలూ, తిట్లకోసం మొహం వాచడం ఎంత ఒంటరితనమో మీకు తెలియకపోవడమే మంచిది.

ఏళ్ళు గడిచాయి. ఒక ఆదివారం తబితా కుండను కట్టెల వెనక దాచేసింది. వారాలు గడిచి కుండ అంచుదాకా నిండింది. అమ్మ మాత్రం రాలేదు. కట్టెలకోసం వెళ్ళిన నవోమమ్మకు కుండ దొరికింది.

"ఏందే పిల్లా ఈ పని! ఈ బియ్యం ఓడెక్కి యాడికి పోతన్నాయనుకున్నావే? మీ అమ్మకీ ఆ బడి పిల్లలకీ కూడు ఇదేనే!"

తబితా కుండను రెండు చేతులా పట్టుకుంది. "అయితే నేనే మోసుకపోతా పెద్దమ్మా."

నవోమమ్మ తిట్టింది, ఏడ్చింది, ఆఖరికి కుండకు తాడు కట్టి, బియ్యం తడవకుండా మైనపు గుడ్డ కూడా ఇచ్చింది. ఓడలు కదలని తుఫాను రోజులవి. కాబట్టి తబితా, సముద్రం దాటించేవాళ్ళు ఇంకెవరైనా దొరుకుతారేమోనని తీరం వెంట సరుగుడు అడవిలోకి నడిచింది.

అడవి మొదట్లో ఒంటికాలి మీద కొంగముని తపస్సు చేస్తున్నాడు. ఆయన అడగకుండానే తబితా బియ్యం పెట్టింది. అవి తిని ఆయన కన్ను తెరిచాడు.

"అమ్మాయీ, ఈ అడవిలో గాలి, మనకు ఎవరి మీద బెంగో వాళ్ళ గొంతుతో పిలుస్తుంది. పలికితే సరుగుడు చెట్టయిపోతావు."

ఆయన చెప్పినట్టే అయింది. నాలుగడుగులు వేసేసరికి "తబితా, ఇటు రా తల్లీ" అని అమ్మ గొంతు. దానికోసమేగా ఇన్నేళ్ళు ఏడ్చింది! తబితా చెవులు మూసుకుని, అమ్మ నేర్పిన ఎక్కాలు గట్టిగా అందుకుంది. పదమూడో ఎక్కం దగ్గర తడబడింది. మళ్ళీ ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టింది. అడవి దాటాక వెనక్కి తిరిగి చూసి, కూలబడి ఏడ్చింది. అబద్ధపు గొంతే అయినా, వదిలి రావడం కష్టంగానే ఉంది.

ఒడ్డున గుడిసెంత తాబేలు ఆకలితో పడి ఉంది. తబితా కుండలో బియ్యం చాలావరకు దాని ముందు పోసింది.

"సముద్రం దాటిస్తా," అంది తాబేలు తిన్నాక. "కానీ తుఫాను కింద నుంచి పోవాలి. తలంతా మునగాలి. భయమా?"

"మేం బాప్టిస్టులం, నీళ్ళలో నిండా మునిగే బాప్తిస్మం మాది. మునగడానికి భయపడితే మా పాస్టరుగారు నవ్వరూ?" అని, తబితా కుండకు మైనపు గుడ్డ బిగించింది.

తాబేలు దింపిన చెరకుదీవి రేవులో గుటకాసురుడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా తబితావి! పిల్లల గొంతులు తిరిగివ్వమని మీ అమ్మ నాతో బేరమాడింది. ఇచ్చాను. బదులుగా ఆమె మనసులోంచి నిన్ను తీసుకున్నాను. నువ్వెవరో ఆమెకు తెలియదు. ఆమెను 'అమ్మా' అని పిలిచావో, గొంతులన్నీ మళ్ళీ నావి! పిలవకపోతే మీ జోలికి రాను. ఇది నా మాట."

రాక్షసులకు ఎన్ని దుర్గుణాలున్నా, ఆడిన మాట తప్పలేరు. తబితాకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. 'నన్నే ఇచ్చేసిందా!' అనుకుంటూ బడికి వెళ్ళింది. అక్కడ పిల్లలు గోలగోలగా పాఠం చదువుతున్నారు. ఒక బుడతడు పాఠం మానేసి పాట పాడుతున్నాడు. ఆ గోల వింటూ, నోటిదాకా వచ్చిన పిలుపును తబితా మింగేసింది.

"ఎవరి పాపవమ్మా? ఆకలేస్తోందా?" అంది సువార్తమ్మ. జుట్టు నెరిసింది.

"అవునండీ, టీచరుగారూ."

సువార్తమ్మ చేటలోకి బియ్యం తీసి, ముందుగా ఓ పిడికెడు మూలనున్న కుండలో వేసింది. ఆ కుండ దాదాపు నిండి ఉంది.

"అది ఎవరికండీ?"

"తెలవదు తల్లీ. వండబోయేముందు చెయ్యి దానంతటదే తీస్తది. ఆదివారం ఒంపుదామంటే మనసొప్పదు."

తబితా తన కుండలో మిగిలిన బియ్యం రెండు చేతులతో తీసింది.

"పిడికెడు చాలు తల్లీ, దోసెడెందుకు?"

"పెద్దోళ్ళ పిడికెడూ చిన్నోళ్ళ దోసెడూ ఒకటేగా."

బియ్యం పోసింది. కుండ నిండి గింజలు నేల మీదకు జారాయి. వాటిని ఏరబోయిన సువార్తమ్మ ఆగిపోయింది. తలెత్తి ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తబితా!" అంది.

రాక్షసుడు రంకెలేస్తూ వచ్చిపడ్డాడు. "బేరం చెడింది! గొంతులు నావి!"

"నేను పిలవలేదుగా," అంది తబితా. "ఆమే నన్ను పిలిచింది."

గుటకాసురుడు తన మాటను తనే రెండుసార్లు చెప్పుకున్నాడు. అది గొంతుకు అడ్డంపడి, ఎక్కిళ్ళు పట్టుకుని, సముద్రంలో దూకాడు. మళ్ళీ పైకి రాలేదు; వాడి బేరమూ వాడితోనే మునిగిపోయింది.

అప్పుడు తబితా మనసారా "అమ్మా" అని పిలిచింది. వెంటనే, "నన్నెట్టా ఇచ్చావమ్మా?" అని అడిగింది.

"తప్పు చేశానో ఒప్పు చేశానో నాకిప్పటికీ తెలవదు తల్లీ," అని సువార్తమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

దీవి పిల్లల్లో పెద్దవాళ్ళు బడి నడిపేంతవాళ్ళయ్యాక, రాజు సగౌరవంగా ఇద్దరినీ సాగనంపాడు. కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం నిండిన కుండలోంచి బియ్యం తీసి, ఊరందరికీ వండబోయారు. అలవాటుగా ఓ పిడికెడు తీసిన సువార్తమ్మ చెయ్యి మధ్యలో ఆగింది.

"నువ్వొచ్చేశావుగా. ఇంక ఇది ఎవరికి?"

"పెద్దమ్మకి," అంది తబితా. "ఇప్పుడు ఆమె ఒక్కతే తింటంది."

కథ కుండలోకి, మనం కంచాల ముందుకి.